ధారూర్‌ల ఎక్కుతది

సీటు మీద నా దస్తీ ఉంది, దస్తీ మీద నా చెయ్యి ఉంది, అయినా ఆ ముసలావిడ చూపు సీటు మీది నుంచి కదలడం లేదు. ఎందుకు కదులుతుంది, ఆవిడ నెత్తి మీది గంప దించి కాళ్ల దగ్గర పెట్టుకుని ఒంటి చేత్తో కడ్డీ పట్టుకుని వేలాడుతోంది, నేనేమో రెండు సీట్లు నావేనన్నట్టు కిటికీ పక్కన కూర్చున్నాను. తాండూరు బస్టాండులో బస్సు ఇంకా నిలవకముందే దాని వెంట ఉరికి, కిటికీలోంచి ఒక సీటు మీద బ్యాగు, పక్క సీటు మీద దస్తీ పడేసి, జనం కాళ్లు తొక్కి, నా కాళ్లు తొక్కించుకుని ఎక్కినదాన్ని. ఆదివారం పొద్దున, వానాకాలం, ఆడవాళ్లకు టికెట్టు లేని బస్సు. కాలు పెట్టే చోటు లేదు. దస్తీ వేసిన సీటు దస్తీ వేసినవాళ్లదే, ఎక్కడా రాసి లేకపోయినా మా దగ్గర అదే చట్టం, కాదన్నవాళ్లను నేను చూడలేదు. కానీ ఆ చట్టం కూర్చోవాల్సిన మనిషి అదే బస్టాండులో ఎక్కుతుంటేనే చెల్లుతుంది. నా మనిషి ధారూర్‌లో ఎక్కుతుంది. అంతదాకా ఈ సీటును ఖాళీగా కాపాడుకుంటూ పోవాలి. అసలు ఎక్కుతుందా? నాకే తెలియదు, ఇక ఈ ముసలావిడకు ఏం చెప్పను.

శ్యామల వస్తానని అనలేదు, రానని కూడా అనలేదు. మొన్న సాయంత్రం ఫోన్ చేస్తే "ఏడాది దాక గుట్ట ఎక్కొద్దంటరు గదనే నిరోషా" అంది. వాళ్లాయన అనిల్‌కుమార్ బండల లారీ నడిపేవాడు, దీపావళికి ముందు షోలాపూర్ రోడ్డు మీద లారీ బోల్తా పడి పోయాడు. ఇంట్లో చావు జరిగితే ఏడాది తిరిగేదాకా గుట్ట మీది దేవుడి దగ్గరికి పోకూడదు, వాళ్లకది పద్ధతి. మేము క్రైస్తవులం, మాకలాంటిది లేదు. మా నాన్న పోయినప్పుడు ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టుకున్నాం, పాటలు పాడుకున్నాం, వచ్చినవాళ్లకు అన్నం పెట్టాం, మర్నాడు నేను పప్పుమిల్లుకు పోయి బిల్లులు కొట్టుకుంటూ కూర్చున్నాను. అందుకే ఆ మాట వాళ్లకు ఎంత బరువో నాకు అందదు. గుడికి రాకే, బయట కూర్చో అన్నాను. అనంతగిరి అంటేనే గుట్ట గద అంది. "వికారాబాద్ పోయే బస్సు రోజూ ఆ గుట్ట మీదికెళ్లే పోతది. మొన్న మీ అత్త దవాఖానకు పోలేదా? ఆమెకు లేనిది నీకేడికెళ్లి వచ్చింది?" అని అడిగాను, అడిగినట్టు కాదు, కోర్టులో వాదించినట్టు. "సూస్త తియ్" అని పెట్టేసింది. ధారూర్‌లో రోడ్డు మీద నిలబడు, సీటు ఆపుకొస్త అని మెసేజ్ పెట్టాను. చూసినట్టు గుర్తు పడింది, జవాబు రాలేదు. నిన్న పొద్దటి నుంచి ఫోన్ స్విచాఫ్.

బస్సు కదిలింది, దేవుడా కదిలింది, ఊరు దాటేదాకా బండల పాలిషింగ్ యూనిట్ల ముందు తెల్లటి బురద, పేర్చిన నాపరాళ్ల మీద వాన నీళ్లు, కరణ్‌కోట సిమెంటు ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి వస్తున్న బైకులు. మా ఆయన బాలస్వామి కూడా ఈపాటికి ఇంటికి చేరి ఉంటాడు, మూత పెట్టిన అన్నం తీసి చూసి, ఉత్త టమాట చారేనా అనుకుంటాడు, అనుకోనీ, నేను ఇవాళ పొద్దున వంట మీద మనసు పెట్టలేదు. రాత్రి మా అమ్మ భాగమ్మ కూడా ఫోన్‌లో మందలించింది, వాళ్ల పద్ధతిలో నువ్వు దూరకు బిడ్డ అని. జ్యోతి అయితే నేరుగానే చెప్పింది. జ్యోతి వికారాబాద్‌లో బడిపంతులమ్మ, ఇవాళ ఆమె పుట్టినరోజు, అటు నుంచి కేకు పట్టుకుని గుట్టకు వస్తుంది. ముగ్గురం వికారాబాద్ హాస్టల్లో ఒకే రూములో పడి చదువుకున్నవాళ్లం, ఒకరి చెప్పులు ఒకరు వేసుకున్నవాళ్లం. "ఈసారికి దాన్ని ఇడ్సిపెట్టు నిరోషా. వచ్చినా కుషీగ ఉండదు, మనం నవ్వుదామన్నా భయమైతది" అంది. నేను ఫోన్‌లో అరిచాను. అరిచానే గానీ ఆ మాట అబద్ధం అని అనలేకపోయాను, ఎందుకంటే అదే భయం నాకూ ఉంది.

నవ్వు అంటే శ్యామలదే. ముందు చప్పుడు రాదు, భుజాలు కదులుతాయి, తర్వాత కళ్లలో నీళ్లు తిరుగుతాయి, అందరం నవ్వి ఊరుకున్నాక అప్పుడు మొదలవుతుంది అసలు నవ్వు. ఇంటర్ చదివేటప్పుడు ఒక వానరోజు క్లాసు ఎగ్గొట్టి ముగ్గురం నడిచి అనంతగిరి పోయాం, పులిహోర డబ్బా విప్పామో లేదో ఒక కోతి ఎత్తుకుని గోడ ఎక్కింది, నేను రాయి తీశాను, జ్యోతి ఏడుపు మొదలుపెట్టింది, శ్యామల మాత్రం గోడ కిందికి పోయి చేతులు కట్టుకుని, "అన్నా, పులిహోర నువ్వే తిను, డబ్బా మాత్రం ఇయ్యి, అది వార్డెన్ మేడమ్‌ది" అని బతిమాలింది. అది తాపీగా తిని డబ్బా కింద పడేసింది. థాంక్సన్నా అంది శ్యామల. పెళ్లిళ్లయ్యాక అన్నీ బందయ్యాయి, ఒకరికి పిల్లలు, ఒకరికి అత్త, నాకు మిల్లు, ముగ్గురం కలవాలంటే ఎవరిదో పెళ్లో ఎవరిదో చావో రావాలి. ఈ ఆధార్ కార్డు బస్సులు వచ్చాకే మళ్లీ రెక్కలొచ్చాయి. ఇంట్లో అడగాల్సింది ఒక పూట సెలవే, అదొక్కటి గట్టిగా అడిగితే దొరుకుతుంది. కోటిపల్లి చెరువులో పడవెక్కి తెడ్డు తిరగేసి పట్టుకుని ఒక్కచోటే గిర్రున తిరిగాం. ధారూర్ క్రైస్తవ జాతరకు మా వాళ్లందరం అడవిలో డేరాలు వేసుకుంటే శ్యామల అత్తగారింటి నుంచి జొన్నరొట్టెల మూట పట్టుకుని వచ్చి, పాటలు రాకపోయినా మా అమ్మ పక్కన కూర్చుని చప్పట్లు కొట్టింది. ఆ మనిషి ఎనిమిది నెలలుగా గడప దాటలేదు.

"ఎవల కోసమమ్మా గా సీటు?" ముసలావిడ ఇక ఆగలేదు.

"మా దోస్తు కోసమవ్వా. ధారూర్‌ల ఎక్కుతది."

"ధారూర్‌ల ఎక్కేదానికి ధారూర్ దాక నన్ను కూసోనిస్తే ఏంబోయింది బిడ్డ? నేను దిగేది గాడనే."

న్యాయమైన మాటే. లేచి కూర్చోబెట్టాల్సిన మాటే. కానీ ఆవిడ కూర్చుంటే చట్టం పోతుంది, సీటు ఒకసారి నిండితే ఇక అది నాది కాదు, ధారూర్‌లో ఆవిడ లేచే లోపల వెనకున్న నలుగురు దాని మీద పడతారు, ఆ గుంపులో శ్యామల కడ్డీ పట్టుకుని నిలబడాలి, నిలబడితే పదిమంది మొహంలోకి చూస్తారు, బొట్టు లేని నుదురు చూస్తారు, వద్దనుకుని తర్వాతి స్టేజీలో దిగిపోతుంది. నాకు తెలుసు, దిగిపోతుంది. ఆమె ఎక్కగానే ఎవరితో మాట్లాడే పని లేకుండా నేరుగా నా పక్కన వచ్చి పడాలి. ఇదంతా ఈ అవ్వకు ఎలా చెప్పను, అందుకే కిటికీ వైపు తిరిగాను. వెనక నిలబడ్డ ఇద్దరు బషీరాబాద్ వైపు ఆడవాళ్లు కన్నడంలో ఏదో అనుకుని నవ్వారు, నా గురించే అయి ఉంటుంది. స్వల్ప సరీరి అని ఒకామె నా భుజం తట్టింది, కొంచెం జరగమని. జరగలేదు. ఎర్రమట్టి చేలల్లో కంది మొలకలు వరసలు తీరి ఉన్నాయి, పత్తి ఇంకా రెండాకుల మీద ఉంది, వాన పడుతోందో ఆగిందో తెలియని వాన. ఫోన్ మోగింది, జ్యోతి. ఎక్కిందా అంది. ఇంకా ధారూర్ రాలేదు అన్నాను. రాకుంటే మనమిద్దరమే కోద్దాం తియ్ కేకు అంది. పెట్టేశాను.

చావింటికి పోయినప్పుడు ఆమెను పట్టుకుని ఏడ్చినవాళ్లలో నేనూ ఉన్నాను. తర్వాత ప్రతిసారీ అంతే, పలకరించడానికి ఎవరు వెళ్లినా ఆమె ముందు కూర్చుని ఏడుస్తారు, ఆమె లేచి వాళ్లకు నీళ్లు తెచ్చి ఇస్తుంది, వాళ్లు మొహం కడుక్కుని ఇంటికి పోతారు. సంక్రాంతి దాటాక ఒకసారి పోతే ఇంటి వెనక బట్టలు మడత పెడుతోంది, మడత పెట్టినవే విప్పి మళ్లీ మడత పెడుతోంది. ఏమన్నా తిన్నావా అంటే తిన్న అంది, ఏం తిన్నావ్ అంటే ఆలోచించింది. కూర్చున్నంతసేపూ వాళ్ల అత్త తలుపు దగ్గరే ఉంది, మంచిదో చెడ్డదో నాకు తెలియదు, ఆవిడకూ కొడుకు పోయాడు. నేను తిరిగొచ్చేటప్పుడు శ్యామల గేటు దాకా కూడా రాలేదు, గడప లోపలే నిలబడి చెయ్యి ఎత్తింది. ఇవాళ ఇంత హడావుడి ఎవరి కోసం, ఆమె కోసమేనా? నిజం చెప్పుకోవాలంటే నా కోసం. నాకు ఆ మనిషి కావాలి. ఆమె లేకపోతే నేను వట్టి గయ్యాళిని, మిల్లులో అందరూ అనుకునేది అదే, నా కోపం చూసి నవ్వి దాన్ని కోపం కాకుండా చేసేది ఆమె ఒక్కతే. ఆమె అక్కడ గడప లోపల ఆగిపోతే నేను కూడా కొంత ఆగిపోయినట్టే ఉంది, ఈ ఎనిమిది నెలలూ నేను మనసారా నవ్విన రోజు ఒక్కటి గుర్తుకు రావడం లేదు. పద్ధతి ప్రకారం ఇంకో నాలుగు నెలలు ఆగితే ఏం పోతుంది అంటుంది జ్యోతి. నాలుగు నెలల తర్వాత గడప దాటడం ఆమెకు గుర్తుంటుందా అని నా భయం. మరి లాక్కుని వస్తే, వచ్చాక ఆమెకు పాపం తగిలిందన్న దిగులు పట్టుకుంటే, అది ఎవరు మోయాలి? నేను మోయలేను కదా, నాకు ఆ దేవుడే లేడు.

"ఎంత పెద్ద మారాణమ్మా మీ దోస్తు, ధారూర్‌ల ఎక్కకముందే సీటు కావాల్నా?" ముసలావిడ ఈసారి నాతో కాదు, బస్సు మొత్తంతో అంది. నవ్వారు. కన్నడం ఆడవాళ్లు కూడా నవ్వారు, వెనక్కి వెనక్కి పాకింది నవ్వు. అంతే, నా నోరు నా చేతుల్లో లేదు. లేచి నిలబడ్డాను, దస్తీ మీద చెయ్యి మాత్రం తియ్యలేదు.

"మారాణి గాదు అవ్వా. మొగడు సచ్చి ఎనిమిది నెలలసంది మూలకు గూసున్న మనిషి. బండల లారీ అనిల్‌కుమార్ పెండ్లాం. ఇయ్యాల నేను బతిలాడితే బయటికొస్తుంది. దాన్ని నిలబెట్టి తోల్కపోవాల్నా?"

నవ్వు ఆగింది.

"జంగప్ప కోడలా? శ్యామలా?" ముసలావిడ గొంతు మారిపోయింది. "ఏడికి పోతున్నరు బిడ్డ?"

"అనంతగిరికి."

"ఏడాది గాకుంటనే గుట్టకా?"

"అవ్ గుట్టకే. నేనే తోల్కపోతున్న. సచ్చింది దాని మొగడు, అది గాదు. అది ఇంక బతికే ఉన్నది. ఒక్క పూట చెట్ల కింద నడిస్తే మీకేం కష్టం? దాని దిక్కు ఎవలన్న ఒక్క మాట అంటే నేను ఊకోను, మీరు గాదు, దాని అత్త గాదు, ఎవలు గాదు."

కండక్టరమ్మ ఎక్కడి నుంచో "అమ్మా, జర మెల్లగ, కూసో" అంది. కూర్చున్నాను. చెవులు మండుతున్నాయి. అప్పుడు గానీ తట్టలేదు. ఆవిడ జంగప్ప కోడలా అని అడిగింది. శ్యామలా అని పేరు పెట్టి అడిగింది, పేరు నేను చెప్పనే లేదు. ధారూర్‌లో దిగేది గాడనే అని ముందే చెప్పింది కూడా, నేను విన్నాను, విని కూడా అరిచాను. ఈ బస్సులో ధారూర్ వాళ్లు ఇంకెంతమంది ఉన్నారో, మధ్యాహ్నానికి జంగప్ప ఇంట్లో అందరికీ తెలిసిపోతుంది, కోడలు గుట్టలు తిరగడానికి పోయింది, దోస్తు బస్సులో చాటింపు వేసింది అని. ఇంట్లో ఏం చెప్పి బయల్దేరుతోందో, అసలు చెప్పిందో లేదో. ఆమె కోసం సీటు ఆపబోయి ఆమె కాళ్ల కిందే మంట పెట్టాను. దిగి ముందే పరుగెత్తి ఎక్కొద్దు శ్యామలా అని చెప్పాలనిపించింది, మళ్లీ అంతలోనే ఎక్కితే బాగుండు, ఎక్కితే బాగుండు అని లోపల కొట్టుకుంటూనే ఉంది.

ధారూర్. మెడ బయటికి పెట్టి చూశాను. హోటల్ ముందు ఇద్దరు ముసలివాళ్లు, గొడుగు కింద ఒక కాలేజీ పిల్ల, ఎరువు సంచి మీద కూర్చున్న ఒకాయన. రోడ్డు అటు చూశాను, ఇటు చూశాను. ముసలావిడ గంప ఎత్తుకుంది, దిగేముందు నా వైపు వంగి, "మంచిపనే బిడ్డ, కాదన. గని జంగప్ప పెండ్లాం నోరు మంచిది గాదు, నీకు జెప్పినా" అని దిగిపోయింది. కాలేజీ పిల్ల ఎక్కింది. ఒక్క నిమిషం ఆపమ్మా అన్నాను కండక్టరమ్మతో. ఆమె ఆపింది, నిజంగానే ఆపింది, బస్సంతా కిటికీల్లోంచి చూసింది నాతో పాటు. శ్యామల లేదు. కండక్టరమ్మ నా మొహం చూసి, తప్పదన్నట్టు రైట్ చెప్పింది.

దస్తీ తీసి సంచిలో పెట్టుకున్నాను. కూర్చో అమ్మా అన్నాను కన్నడం ఆమెతో. ఆమె కూర్చోలేదు, చెయ్యితో వద్దు వద్దని చెప్పింది, ఎందుకు వద్దో, నా మీద జాలో భయమో. రెండోసారి చేయి పట్టి లాగితే కూర్చుని, నా మోకాలు మీద ఒకసారి తట్టింది. అడవి మొదలైంది, మలుపులు, బస్సు మూలుగుతూ ఎక్కుతోంది, టేకు ఆకులు తడిసి నల్లగా ఉన్నాయి, కార్లలో హైదరాబాద్ పిల్లలు కిటికీలోంచి చేతులు బయటపెట్టి కేకలు వేస్తున్నారు. ఇప్పుడు దిగి ఏం చెయ్యాలి. కేకు తినాలి, ఫోటోలు దిగాలి, జ్యోతి నేను చెప్పిన గద అనకుండా ఉండటానికి కష్టపడుతుంది, అది ఇంకా బాధ. ఇవాళ సాయంత్రం గుట్టకు పోతానన్నావంట అని వాళ్ల అత్త అడుగుతుంది, నేను వస్తాననలేదు అని ఆమె అంటే కూడా నమ్మదు. రానే రాని మనిషికి నింద తెచ్చి పెట్టాను. రేపే పోయి చెప్పాలి, తప్పంతా నాదేనని ఆ అత్త ముందు నిలబడి చెప్పాలి, చెప్పగలనా, మళ్లీ అక్కడ కూడా అరుస్తానేమో.

గుట్ట దగ్గర దిగాను. రోడ్డవతల గొడుగు కింద జ్యోతి, రెండో చేతిలో కేకు డబ్బా. నా వెనక ఎవరైనా దిగుతారేమోనని చూసి, చూపు దించుకుంది. బస్సు కదిలింది, కొద్దిదూరం పోయి కీచుమని ఆగింది. లోపల ఒకటే గొడవ, దిగేటోళ్లు ముందే చెప్పొద్దా అని కండక్టరమ్మ, జరుగున్రి జరుగున్రి అని ఎవరెవరో, తలుపులోంచి ముందు ఒక సంచి వచ్చి రోడ్డు మీద పడింది, దాని వెనక శ్యామల దిగింది. జుట్టంతా రేగి, చీర నలిగి, ఒక చెప్పు తెగి. నేను చెప్పబోయింది ఒకటి, నోట్లోంచి వచ్చింది ఒకటి.

"ఎప్పటిసంది ఉన్నవే బస్సుల?"

"తాండూరు కాడికెళ్లే. ధారూర్‌ల ఎక్కితే మా ఊరోళ్లు జూస్తరని నిన్ననే తాండూరుల అమ్మోళ్లింటికి పోయిన. నీకంటె ముందే ఎక్కిన, తోసుకుంట తోసుకుంట ఎనకకు పడేసిన్రు."

"అంత ఇన్నవా?"

"ఇన్న."

"పిలువొద్దా నన్ను?" నాకు ఏడుపు, కోపం రెండూ ఒకేసారి వచ్చాయి. "మీ ఆయన పేరు, గుట్టకు పోయే ముచ్చట అన్ని బయటవెట్టిన. సీటు కోసం. తప్పయిందే శ్యామలా."

ఆమె తెగిన చెప్పు తీసి చేత్తో పట్టుకుంది. "పిలుద్దామనే అనుకున్న. గుట్ట కాడ దిగుతనో, దిగకుంట వికారాబాద్ దాక పోయి మల్ల ఎనకకొస్తనో నాకే ఎరుక లేకుండె. గంతల నువ్వు లేసి కొట్లాడుడు వెట్టినవ్." చెప్పు పట్టీ లాగి చూసి వదిలేసింది. "ఆయన పోయిన కాడికెళ్లి నన్ను జూసి ఏడ్వనోళ్లు లేరు. నా దిక్కు కొట్లాడినోళ్లు ఒక్కలు లేరు. జరసేపు ఇందామనిపిచ్చింది. గందుకే పిలువలే."

జ్యోతి రోడ్డు దాటి వచ్చి గొడుగు ఆమె మీదికి జరిపింది. గుడికా, అడవిలోకా అని నా వైపు చూసింది, ప్రతిసారీ అలాంటివి తేల్చేది నేనే కాబట్టి. నేను శ్యామల వైపు చూశాను. శ్యామల గుడి దారిని చూసింది, అడవిలోకి పోయే కాలిబాటను చూసింది, ఎవరూ తొందరపెట్టలేదు, రెండు కార్లు హారన్ కొడుతూ పోయాయి.

"ఇంటికాడ జరిగేది ఎట్లయిన జరుగుతది ఇగ" అంది. "గుడి లోపటికి మాత్రం రాను. బయట కూసుంట."

రెండో చెప్పు కూడా విప్పి సంచిలో వేసుకుంది, కుచ్చిళ్లు కొంచెం ఎత్తి పట్టుకుని వట్టి కాళ్లతో గుడి దారిన ముందు నడిచింది. నవ్వుతుందేమోనని పక్కకు పోయి మొహం చూశాను. నవ్వలేదు. నా మొకం కాదు, కింద జూసి నడువే, బురద ఉన్నది అంది. నేను వెనక్కి తగ్గి ఆమె వెనకే నడిచాను.